ఎండ తిన్న ఎడమ చెప్పు

నేను ఒక జోడులో ఎడమదాన్ని. మొరాకో దేశంలో, ఫెజ్ పాతబస్తీ బజారులో పుట్టిన పసుపుపచ్చ తోలు చెప్పుని. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. మేకతోలుగా ఉన్నప్పుడు పావురాల రెట్ట కలిపిన తొట్టెలో నానాను. తర్వాత దానిమ్మ తొక్కల రంగు పట్టించి, ముక్కు కొనదేల్చి కుట్టి, హాజ్ ఇద్రీస్ కొట్టుకి పంపారు. కుడిదీ నేనూ కలిసి ఉన్నది ఆ దారిలో మాత్రమే.

ఆ బజారులో ఒక పద్ధతుంది. జోడులో ఒకదాన్నే బయట మేకుకి తగిలిస్తారు, రెండోది లోపల పెట్టెలో ఉంటుంది. ఒంటి చెప్పుని ఎవరెత్తుకుపోతారు? అలా నేను వీధిలోకీ, నా కుడిది చీకట్లోకీ వెళ్లాం.

వీధి సరదాగానే ఉండేది. పుదీనా కట్టల వాసన, ఇత్తడి పళ్లేల మోత, "బాలక్! బాలక్!" అని జనాన్ని తప్పుకోమంటూ గాడిదల్ని తోలేవాళ్లు. దారి తప్పినవాళ్లు మా ముందు నుంచి వెళ్లి, కాసేపటికి మళ్లీ అక్కడికే వచ్చి, కొత్త వీధి కనిపెట్టినట్టు ఫోటోలు తీసుకునేవాళ్లు. చాలామంది నన్ను నొక్కి చూసి, "ఇలాంటిదే కొత్తది ఇవ్వండి" అనేవాళ్లు. ఎండకి వెలిసి వెలిసి గడ్డిరంగుకి తిరిగాను. ఇక నా జోడుని కలవనేమో అనుకున్నాను.

ఒకరోజు ఎదురుగా ఉన్న తివాచీల కొట్టుకి రాజమండ్రి నుంచి వసుంధర గారూ, ఆవిడ భర్త నరహరి గారూ వచ్చారు. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లారు. ఇంతలో తోళ్ల మోపుతో ఒక గాడిద వచ్చింది. మోపు నుంచి వేలాడుతున్న తాడుకి చిక్కుకుని, ఆవిడ ఎడమ చెప్పు గాడిదతోపాటే వెళ్లిపోయింది.

వాళ్ల మాటలు అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తమ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆవిడ ఈ కథ చెప్పగా చెప్పగా కంఠతా వచ్చాయి.

"బయట విడవడానికి ఇదేమన్నా మనింటి గుమ్మమా?" అన్నారు నరహరి గారు.

"మీవి ఉన్నాయిగా, ఎన్నయినా చెబుతారు," అంటూ ఆవిడ ఒంటికాలి మీద మా కొట్టుకి వచ్చి నన్ను చూపించింది. "ఈ వెలిసింది ఒక్కటి చాలు. హోటలు దాకా నడిచేస్తా."

హాజ్ సగం ఇంగ్లీషులో, సగం చేతులతో, "ఒంటిది అమ్మనమ్మా. దీని జోడు లోపల ఎదురుచూస్తోంది," అని పెట్టె తెచ్చాడు. కుడిది బయటికొచ్చింది. కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నాకు సిగ్గేసింది.

"ఇదేం జోడే? ఒకటి పసుపు, ఒకటి ఎండుగడ్డి! వేరేది ఇమ్మను," అన్నారు నరహరి గారు.

హాజ్ చెయ్యి అప్పుడే పై అరలోకి వెళ్లింది. నా కుట్లన్నీ బిగుసుకున్నాయి.

వసుంధర గారు భర్త నెరిసిన తల వైపు చూసింది. "మీ తలా నా తలా ఒక్క రంగులో ఉన్నాయా? అలాగని వేరే జోడు ఇమ్మన్నానా?"

ఆయన తల తడుముకున్నారు. భాష తెలియకపోయినా హాజ్‌కి విషయం తెలిసిపోయింది. పగలబడి నవ్వి పుదీనా టీ పోశాడు. తర్వాత నా వెలిసిన రంగే చూపించి ఆవిడ ధర తగ్గించమంది. మనసు కాస్త నొచ్చుకుంది గానీ, బేరమాడుతున్నంతసేపూ ఆవిడ మమ్మల్ని కాళ్లకి తొడుక్కునే ఉంది.

మిగిలిపోయిన తన కుడి చెప్పుని అక్కడే వదిలేసింది. హాజ్ దాన్ని తీసి నా మేకుకి తగిలించాడు. "ఎవరైనా అడిగితే, జోడు గాడిద దగ్గరుందని చెప్తాను," అన్నాడు.

ఇప్పుడు మా మకాం రాజమండ్రిలో. చల్లటి గచ్చు మీద ఆవిడకి మేమే తోడు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్లేముందు మమ్మల్ని వరండాలో విడిచి, కుడిదాన్ని ఎండలోకి జరిపి, నన్ను గోడ నీడలో పెడుతుంది.

"మళ్లీ ఏం సర్దుతున్నావు?" అంటారు నరహరి గారు పేపరు వెనక నుంచి.

"ఇది చాలా కాలం ఎండలో వేలాడింది లెండి. కాసేపు కూర్చోనీయండి."

కుడిది మెల్లగా వెలుస్తోంది. గేటు దగ్గర ఏ చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. పాల సైకిలు వచ్చిందట, పిల్లి గోడ దూకిందట, అన్నీ నాకు చెబుతుంది. నాకు తెలిసినవే అయినా, నీడలో కూర్చుని కొత్తగా వింటున్నాను.