మా ఇంటి తలుపుకి విలోమం

ఇవాళ మా ఇంటి తలుపు లాగరిథం అయింది. సున్నాకి పైన ఉన్నవాళ్లని తప్ప ఎవరినీ రానివ్వడం లేదు. కాలేజీలో పొద్దుటి నుంచి లెక్కలు చెప్పి నోరెండిపోయి వచ్చిన నేను మైనస్ రెండు దగ్గర ఉన్నాను. గడప ముందు చెప్పులు విడిచి నిలబడతాను.

మా ఆవిడ వకుళ కిటికీ దగ్గరికి వస్తుంది. "ఎంతున్నారు?"

"మైనస్ రెండు."

"అయితే కుదరదు కదండీ. నేనేమో ప్లస్ ఒకటి. కంచం పెట్టుకుని మీకోసమే కూర్చున్నా."

నాకు ఆకలి లేదు. ఆమె పక్కన కాసేపు కూర్చోవాలి, అంతే. పరీక్షలు మొదలైనప్పటి నుంచి ఆ ముచ్చట తీరనే లేదు.

"పిల్లల చేత రోజూ చేయిస్తారుగా. తలుపుకి విలోమం కనుక్కోండి," అంటుంది. "ప్రదేశం దగ్గర మాత్రం మీ ఒక్కరి పేరే రాయండి. ఊరందరికీ వండలేదు."

జేబులోంచి సుద్దముక్క తీసి తలుపు మీద రాస్తాను. ఎక్స్‌ని వై చేస్తాను, వైని ఎక్స్ చేస్తాను. లాగరిథం తిరగబడి పదికి ఘాతం అవుతుంది. ఇక కింద ప్రదేశం రాయాలి, అంటే లోపలికి ఎవరు రావచ్చో. అది రాయకపోతే మార్కు పోతుందని చెప్పీ చెప్పీ చేతికి అలవాటైపోయింది. అలవాటు పాడుగాను, 'వాస్తవ సంఖ్యలన్నీ' అని రాసేస్తాను.

తలుపు తెరుచుకుంటుంది. పదికి మైనస్ రెండో ఘాతం నూరోవంతు కాబట్టి నేను చిక్కుడుగింజంత అవుతాను. ప్లస్ ఒకటికి పదింతలు కాబట్టి వకుళ తల పైకప్పు దాటి వెళ్తుంది. లెక్క సరిగ్గానే ఉంది.

నా వెనకాలే వీధంతా లోపలికి వస్తుంది. బస్సు కండక్టర్లు, డ్యూటీ దిగిన నర్సులు, పేపర్లు దిద్దే మా స్టాఫ్ రూము మొత్తం. అందరూ మైనస్ రెండే. కంచం చుట్టూ సర్దుకుని కూర్చుంటాం.

పైనుంచి వకుళ గొంతు దిగుతుంది. "మీలో మా ఆయనెవరండీ?"

నేను చెయ్యెత్తుతాను. అందరూ చేతులెత్తుతారు. పాపం, వాళ్లనీ ఇంట్లోకి రానిచ్చి ఉండరు. నాకు ఏడుపొస్తుంది.

ఆమె మళ్లీ అడగదు. మబ్బుల్లోంచి కొండంత పప్పన్నం ముద్ద మెల్లగా మా వైపు దిగుతుంది. దాని మీద ఆమె వేళ్ల గుర్తులు పొలంగట్లలా ఉన్నాయి. ఒక గట్టెక్కి కూర్చుంటాను. ఆమె చేతి వెచ్చదనం ఇంకా ఉంది. కొంచెం జరిగి, వెనకాల ఎక్కుతున్న కండక్టరుకి చోటిస్తాను.