కింది నుంచి పైకి

జంపఖానా నేసేవాడికి పువ్వైనా అక్షరమైనా నేల నుంచే లేస్తుంది. డెబ్బై తొమ్మిదిలో వరంగల్ జైలు మగ్గాల షెడ్డులో నేత నేర్పే ఉస్తాద్ ఖాజా మొహినుద్దీన్, ఖైదీ ఎల్లస్వామికి చదువు చెప్పింది అలాగే. ముందు కింది వరుస, దాని మీద ఇంకో వరుస, అన్నిటికన్నా ఆఖరున తలకట్టు. ఒక్కో అక్షరం నేయించి, విప్పించి, మళ్లీ నేయించేవాడు. పలక లేదు, పుస్తకం అసలే లేదు. ముప్పై ఏళ్లొచ్చినా వేలిముద్ర దాటని నర్సంపేట కూలీకి అదే బడి. నిద్రలో కూడా అక్షరాలు వరి మొలకల్లా మెల్లగా పైకొచ్చేవి. వాటి మధ్య నుంచి యాకమ్మ నడిచొచ్చి, ఎదురుగా నిలబడేది.

యాకమ్మ అతని భార్య. ఏడేళ్ల శిక్ష పడ్డ రోజున ఈ మహానుభావుడు, పెద్ద త్యాగమూర్తిలాగా, "నాకోసం ఉండకు, మారుమనువు పో" అనేశాడు. ఆ తర్వాత ఆమె రెండుసార్లు ములాఖత్‌కు వచ్చింది. రెండుసార్లూ తప్పయిందని చెప్పబోయి, వానలు పడ్డాయా అని అడిగి ఊరుకున్నాడు. మూడోసారి ఆమె రాలేదు. తప్పయిందన్న మాట ఇంకొకడితో రాయించడానికి ప్రాణం ఒప్పలేదు. అందుకే ఈ చదువు.

చివరికి తనే కార్డు రాశాడు. మూడే మాటలు, మూడు వరుసలు. మగ్గం అలవాటున మొదటిది అట్టడుగున పెట్టి, పైకి పేర్చుకుంటూ పోయాడు. కార్డు వెళ్లాక వారం రోజులు గాల్లో తేలుతున్నట్టే నేశాడు. నీలం రావాల్సిన చోట ఆకుపచ్చ పెట్టినా ఉస్తాద్ చూసీ చూడనట్టు పోయాడు.

ఎనిమిదో రోజు యాకమ్మ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. కార్డును మధ్యనున్న ఇనప జాలీకి అదిమిపెట్టింది.

"నోటితోటి ఒక్కపారి అంటివి, సాలలేదా? సదువు నేర్సి మల్ల గదే రాస్తవా?"

"ఏం రాసిన?"

"పోస్టుమాన్ సదివిండు. 'నాకోసం ఉండు. అది తప్పు మాట. మారుమనువు పొమ్మన్న.' ఇగ నేనేం జెయ్యాలె? రేపు ములుగోళ్లకు మా అన్న మాటిస్తాండు."

ఎల్లస్వామి కార్డు దగ్గరికి వంగాడు. జాలీ ఇవతల నుంచి కార్డు అట్టడుగు వరుస మీద వేలు పెట్టి, పైకి చదువుకుంటూ పోయాడు.

"మారుమనువు పొమ్మన్న. అది తప్పు మాట. నాకోసం ఉండు."

యాకమ్మ కార్డు వైపు చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. పైవరుసైనా కిందివరుసైనా ఒకటే.

"గీ గీతలు నాకెరుక లేదు," అంది. "నా మొకం జూసి నోటితోటి జెప్పు."

ఆ ఒక్క పని తప్పించుకోవడానికే కదా అతను ఇన్ని నెలలు చదివింది! తల వంచుకోబోయి, మానుకుని, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఉండు యాకమ్మా. నువ్వు లేకుంటే నేను బతుకలేను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బస్సు పోతది. మాటియ్యక ముందే మా అన్నను పట్టుకోవాలె," అని, మిగిలిన ములాఖత్ సమయమంతా వదిలేసి గేటు వైపు ఉరికింది.