మధ్యాహ్నం లేని సముద్రం

2014 జూలై. బర్మింగ్‌హామ్‌లో ఎం.ఎస్సీ. చదువుతున్న మనస్వినికి థీసిస్ ఇవ్వడానికి ఇంకా ఏడు వారాలే గడువుంది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్న గ్రాఫ్ మాత్రం పిచ్చిగీతల్లా ఉంది.

ఐదేళ్ళ క్రితం నవంబరులో ఆమె ప్రొఫెసర్ మార్గరెట్ బృందం కాలిఫోర్నియాకు పడమరగా ఓడ మీద మూడు రోజులుండి, నాలుగు గంటలకొకసారి సముద్రపు నీళ్ళు తోడి, వడగట్టి, సీసాల్లో భద్రపరిచింది. ఆ నీళ్ళలో కంటికి కనపడని ప్లాంక్టన్ జీవులు వందల రకాలుంటాయి. ఏ వేళకు ఏ జీవిలో ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది ఊరుకుందో కనిపెట్టాలని వాళ్ళ ఆలోచన. ఎండ మీద బతికే నాచుకణాల్లో వెలుతురును పట్టే జన్యువులు పగలు చురుగ్గా ఉండి రాత్రి అణగాలి. ఇక్కడేమో రాత్రి తొమ్మిదింటి సీసాల్లో అవి మంచి జోరు మీదున్నాయి. ఒకే గంట రాసిన రెండు సీసాలకు పొంతనే లేదు. సీసాలు కలిసిపోయి ఉంటాయని అప్పట్లోనే ఆ లెక్కలన్నీ పక్కన పెట్టేశారు. “పద్ధతి నేర్చుకో చాలు, ఫలితం రాకపోయినా మార్కులకు లోటుండదు” అని, ఆ లెక్కలే థీసిస్‌కిస్తూ మార్గరెట్ ముందే చెప్పింది.

ఆ మాటే మనస్వినికి ముల్లులా గుచ్చుకుంటోంది.

శనివారం ఉదయం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పద్దెనిమిది సీసాల మీది గంటలూ కాగితం మీద రాసుకుంది. రాస్తూ రాస్తూ ఒక్కసారిగా కేకపెట్టింది.

“ఏందే, పొద్దుగాల్నే గట్ల ఒర్లుతున్నవ్?” అంది ప్రఫుల్ల ఆంటీ. ఆమె హాస్పిటల్లో డాక్టరు. ఆమె ఇంట్లోనే మనస్విని పైగది అద్దెకు తీసుకుంది.

“ఆంటీ, ఇందుల మధ్యాహ్నమే లేదు! రాత్రి ఒంటిగంటకు ఆరు సీసలు, తెల్లారగట్ల ఐదుకు ఆరు. పొద్దున తొమ్మిదికి మూడు, రాత్రి తొమ్మిదికి మూడు. పగలు ఒంటిగంటకు, సాయంత్రం ఐదుకు ఒక్కటి గూడ లేదు.”

“లంచ్‌కు పోయిండ్రేమో.”

“మూడు రోజులు లంచ్‌కే పోతరా?”

ఆంటీ నవ్వి, కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. “మా వార్డుల నోట్స్ తేడా వస్తే, ముందుగాల రాసినోళ్ళ చేతిరాత చూస్త. ఎవరు రాసిండ్రు ఇవి?”

సోమవారం మార్గరెట్ గదిలో, బీరువా మీది పాత అట్టపెట్టె దింపించింది మనస్విని. అందులో ఓడ మీద రాసిన అసలు కాగితాలున్నాయి. రెండు రకాల చేతిరాతలు. తొమ్మిది సీసాలు ఒకరివి, తొమ్మిది ఆకుపచ్చ ఇంకుతో, అప్పటి బృందంలోని బెత్ అనే అమ్మాయివి. బెత్ రాసినవన్నీ రాత్రి తొమ్మిది, ఒంటిగంట, తెల్లవారుజామున ఐదు. ఒక ఒంటిగంట పక్కన సన్నటి అక్షరాలతో ఇలా ఉంది: “పొద్దు గుంకుతోంది. డాల్ఫిన్లు! వాంతులు తగ్గాయి.”

“రాత్రి ఒంటిగంటకు పొద్దెలా గుంకుతుంది?” మనస్విని ఆ వాక్యం మీద వేలు పెట్టింది. “ఆమె గ్రీనిచ్ టైమ్ రాసింది, ప్రొఫెసర్, రెండోవాళ్ళు ఓడ ఉన్నచోటి టైమ్. అక్కడికీ ఇక్కడికీ ఎనిమిది గంటల తేడా. అప్పుడక్కడ సాయంత్రం ఐదు!”

మార్గరెట్ కుర్చీలోంచి లేచి, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండుసార్లు చదివింది. “నాకిది చాలా నచ్చింది. అందుకే వెంటనే నమ్మను. బెత్‌ను అడుగు.”

బెత్ ఇప్పుడు లీడ్స్‌లో స్కూల్ టీచరు. మధ్యాహ్నానికల్లా ఆమె దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. “ఓడలో గోడ గడియారం గ్రీనిచ్ టైమే చూపించేది. నేనదే రాశాను. అందరూ అదే రాస్తున్నారనుకున్నాను. ఏం, ఏమైంది?”

మనస్విని ఆ తొమ్మిది సీసాల గంటలనూ ఎనిమిదేసి వెనక్కి జరిపి ప్రోగ్రామ్ నడిపింది. నలభై నిమిషాలు పట్టింది. టీ పెట్టుకుంది, తాగడం మరిచిపోయింది. తెర మీద గీత వచ్చింది. నాచుకణాల జన్యువులు తెల్లవారకముందే కదలి, పగలు ఎగసి, సాయంత్రానికి దిగాయి. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

తర్వాత ఎండతో పనే లేని బాక్టీరియా లెక్కలు తీసింది. వాటికీ ఒక వేళ ఉంది! నాచుకణాలు జోరందుకున్న కొన్ని గంటలకు ఒక రకం, దాని వెనకే మరో రకం. మూడు రోజులూ అదే వరస. ఒకరి వంట కాగానే మరొకరు విస్తరి ముందు కూర్చున్నట్టు, ఆ నీళ్ళన్నీ వేళ తప్పకుండా బతుకుతున్నాయి.

మనస్విని లేచి కారిడార్‌లో పరుగెత్తింది. మార్గరెట్ మీటింగ్‌లో ఉంది. తలుపు తట్టకుండానే తోసుకుని లోపలికి వెళ్ళి, “వచ్చేసింది!” అంది. ఆ గదిలో ఉన్న నలుగురూ మాట్లాడుకుంటున్న విషయం వదిలేసి ఆమె వెంట నడిచారు. తెర ముందు మార్గరెట్ వంగి, మూడు రోజుల గీతనూ మొదట్నుంచి వేలితో చూసుకుంటూ వచ్చింది. చివరికి, “ఐదేళ్ళు నేను దీన్ని బీరువా మీద పెట్టుకున్నాను” అంది.

ఆ శుక్రవారం బెత్ లీడ్స్ నుంచి రైలెక్కి వచ్చింది. తన పొరపాటు వల్లే అంతా చెడిందేమోనని దారంతా భయపడుతూ వచ్చిందట. మనస్విని ఆమెను కూర్చోబెట్టి, ఆమె తోడిన తొమ్మిది సీసాలనూ గ్రాఫ్ మీద ఒక్కొక్కటిగా చూపించింది.

“నువ్వు పొద్దూ డాల్ఫిన్లూ అని రాయకపోతే మాకసలు తెలిసేదే కాదు.”

బెత్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “ఆ మూడు రోజుల్లో చాలాసేపు బకెట్ పట్టుకుని కక్కుతూనే ఉన్నాను. నా నీళ్ళన్నీ పారబోసి ఉంటారనుకున్నాను.” గ్రాఫ్ చూపిస్తూ, “దీని కాపీ ఒకటి ఇస్తావా? మా క్లాసు గోడకు అంటిస్తాను” అంది.

మనస్విని రెండు కాపీలు తీసింది, రెండోది ప్రఫుల్ల ఆంటీ వంటింటి గోడకు.