బాలింత ఇంట్లో హీటరు

సింగపూర్‌లో సొంత ఫ్లాటు అద్దెకిచ్చిన మనిషంటే కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందని అందరూ అనుకుంటారు. భానుమతిని చూస్తే ఆ భ్రమ వదిలిపోతుంది. బెడోక్‌లో ఉన్న తన ఫ్లాటులో మేకు కొట్టించాలన్నా ఆవిడ అద్దెకున్నవాళ్ళని బతిమాలుకోవాలి. భర్త విశ్వనాథం పోయాక ఆవిడ యీషున్‌లో కూతురి దగ్గరికి మకాం మార్చి, ఆ ఫ్లాటు మన తెలుగువాళ్ళకే ఇస్తానని పట్టుబట్టి మరీ కౌశిక్, ప్రణవి దంపతులకి ఇచ్చింది. మనవాళ్ళయితే చెప్పిన మాట వింటారని ఆవిడ నమ్మకం. మనవాళ్ళు మాట వినరు, వింటున్నట్టు తల ఊపుతారు. ఇంత వయసొచ్చినా ఆ సంగతి ఆవిడకి తెలియకపోవడమే విడ్డూరం.

గొడవంతా వాటర్ హీటరుతో మొదలైంది. బాత్రూంలో హీటరు వేస్తే చాలు మెయిన్ స్విచ్ పడిపోయి ఇల్లంతా చీకటైపోతోందని ప్రణవి నిండు నెలల్లో ఉండగా కౌశిక్ ఫోన్ చేశాడు. అద్దె ఇంట్లో వైరింగు బాగోగులు ఓనరు పూచీ. పైగా ఇక్కడ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ తప్ప ఇంకెవరూ వైర్ల మీద చెయ్యి వెయ్యకూడదు. భానుమతి ఆ రోజే లిమ్‌ని పిలిచి మాట్లాడింది. లిమ్‌కి లైసెన్సు ఉంది, నోరు తక్కువ, చేతిలో పని ఎక్కువ. వైర్లన్నీ పాతవే కాబట్టి ఇల్లంతా తనిఖీ చెయ్యాలనీ, ఒక పూట కరెంటు ఆపాల్సి వస్తుందనీ చెప్పాడు. రోజు కూడా ఖాయం చేసుకున్నారు. ఈలోపల ప్రణవికి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. రాజమండ్రి నుంచి ప్రణవి తల్లి తారాదేవి వచ్చి పురిటిగది పగ్గాలు చేతిలోకి తీసుకుంది.

"ఆంటీ, మా అత్తయ్యగారు ఇప్పుడప్పుడే ఎవర్నీ రానివ్వొద్దంటున్నారు. బాలింత, పసిపిల్ల ఉన్నారు కదా. ఫ్యాన్ లేకపోతే పాప ఉండలేదు. కొంచెం ఆగి పిలుద్దామా?" అన్నాడు కౌశిక్.

భానుమతికీ ఆ మాట సబబుగానే తోచింది. పురిటింట్లో కరెంటు తీసేసి పరాయి మగాళ్ళని తిప్పడమేమిటని తనూ అనుకుంది. అందాకా హీటరు జోలికి పోవద్దని గట్టిగా చెప్పింది. సరే ఆంటీ అన్నాడు కౌశిక్. అన్నాడు, అంతే.

ఈ వేళ పొద్దున్న కౌశిక్ పంపిన వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతులో ఉత్సాహం పొంగిపొర్లుతోంది. "ఆంటీ, గుడ్ న్యూస్! మా కొలీగ్‌కి తెలిసిన, చిన్నాచితకా రిపేర్లు చేసే హ్యాండీమ్యాన్‌ని పిలిచి చూపించాను. ఏదో వైరు మార్చాడంట. వారం నుంచి హీటర్ పొద్దస్తమానం వేసే ఉంచుతున్నాం, ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు. ఇంక మీరేం టెన్షన్ పడకండి."

భానుమతి నిజంగానే టెన్షన్ పడలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది కూడా. ఇక రానక్కర్లేదని చెబుదామని లిమ్‌కి ఫోన్ చేసింది. లిమ్ అంతా విన్నాడు.

"ఆంటీ, ఆ స్విచ్ పడిపోవడం జబ్బు కాదు" అన్నాడు, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా. "ఎక్కడో కరెంటు లీకవుతోంది, అందుకని అది పడిపోయి మనుషుల్ని కాపాడుతోంది. వాడు లీకు ఆపలేదు. కాపాడే స్విచ్‌ని తప్పించి వైరు చుట్టు తిప్పేసి ఉంటాడు. ఇప్పుడు లీకయిన కరెంటు ఎటు పోతుంది? నీళ్ళలోకి పోతుంది. వెరీ డేంజరస్. నేను వస్తున్నాను, మీరూ రండి. హీటర్ ఆపేయమని ఈ క్షణమే చెప్పండి."

భానుమతి కౌశిక్‌కి చేస్తే ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తువాస్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీలో గేటు దగ్గరే ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళాలి. మెసేజ్ పెట్టి, ప్రణవికి చేసింది. తారాదేవి ఎత్తింది. బాలింత ఫోన్ చూస్తే కళ్ళు పాడవుతాయని ఆ ఫోన్ ఆవిడే దగ్గర పెట్టుకుంది.

"బాగున్నారా వదినగారూ" అని ఆవిడ మొదలెట్టింది. "అమ్మాయి బానే ఉందండి. కాకపోతే నీళ్ళు పోసుకునేటప్పుడు ఒళ్ళు జివ్వుమంటోందంటోంది. పచ్చి ఒళ్ళు కదండీ, వాతం చేసింది. బాలింత కాయం కాస్త ఎక్కువే పెడుతున్నాను. నాకూ అంతే, ఆ కుళాయి తిప్పితే చెయ్యి తిమ్మిరెక్కిపోతోంది. మనకీ వయసొచ్చేసింది కదా!"

భానుమతి కేక పెట్టింది. "అది వాతం కాదండీ, కరెంటు! నీళ్ళలోకి కరెంటు వస్తోంది. మీకు దణ్ణం పెడతాను, హీటరు ఆపేయండి. ఎవరూ నీళ్ళు ముట్టుకోవద్దు."

"అలాగే లెండి, అలాగే" అంది తారాదేవి, జ్వరంలో పలవరించే మనిషికి నచ్చజెప్పినట్టు, ఫోన్ పెట్టేసింది.

ఆ 'అలాగే లెండి' ఎంత ప్రమాదమో తెలుగు మాట్లాడేవాళ్ళకే తెలుస్తుంది. భానుమతికి తెలుసు. తను కూడా ఎంతమందినో ఆ మాటతోనే వదిలించుకుంది. టాక్సీ ఎక్కిన దగ్గర్నుంచీ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. దారి పొడుగునా ఆవిడకి ఒకటే ఏడుపు వచ్చింది. తన ఇల్లు, తన గోడలు, గోడల్లో తన వైర్లు. ఆ పసిదానికి ఏమన్నా అయితే ఏ ముఖం పెట్టుకుని బతకాలి?

ఆవిడ వెళ్ళేసరికి లిమ్ పనిముట్ల సంచీతో కారిడార్‌లో నిలబడి ఉన్నాడు. చెక్క తలుపు తెరిచే ఉంది. దాని ముందున్న ఇనుప ఊచల గేటుకి లోపలి వైపు తాళం వేసి ఉంది. ఆ తాళం వాళ్ళది, దాని చెవి భానుమతి దగ్గర లేదు. లోపలినుంచి సాంబ్రాణి పొగ, నలుగుపిండి వాసన వస్తున్నాయి. తారాదేవి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతులకి నూనెతో గేటు దగ్గరికి వచ్చింది.

"అయ్యో వదినగారూ, ఇంత దూరం పడి వచ్చారా!" అంది. ఆ తర్వాత లిమ్‌ని చూసి పమిట సర్దుకుంది.

"హీటరు ఆపారా?" అంది భానుమతి.

"అమ్మాయికి ఇప్పుడే తలంటి పోశానండి. పొగ వేసి పడుకోబెట్టాను. ఇంక పాపకి పోసేసి ఆపేస్తాను."

"ఒద్దు వదినగారూ, ఒద్దు! ముందు గేటు తియ్యండి. ఈయన చూసి వెళ్ళిపోతాడు."

"అల్లుడుగారు ఇంట్లో లేకుండా మగవాళ్ళని ఎలా రానిస్తానండీ? బాలింత మంచం మీద ఉంది. సాయంత్రం ఆయనొచ్చాక పిలవండి, కాదన్నానా?"

భానుమతి ఊచల్లోంచి చెయ్యి పెట్టి పైకి చూపించింది. "పోనీ, తలుపు పైన ఆ పెట్టె ఉంది చూశారా? దాన్లో పెద్ద మీట కిందికి లాగండి చాలు. ఇల్లంతా ఆరిపోతుంది."

"అమ్మో, నాకు కరెంటంటే భయం!" అని తారాదేవి రెండడుగులు వెనక్కి వేసింది. "అలాంటివి నేను ముట్టుకోను బాబూ."

భానుమతికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ప్రణవీ! అమ్మా ప్రణవీ!" అని గొంతు చించుకుని అరిచింది. ప్రణవి చెవుల్లో దూది పెట్టి, తల చుట్టూ గుడ్డ బిగించి, గది తలుపు మూసి పడుకోబెట్టింది తల్లి. ఆ పిల్లకి ఏం వినబడుతుంది? పక్క ఫ్లాటు చైనా ముసలాయన బయటికి వచ్చి చూసి, ఆడవాళ్ళ గొడవనుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"గాలి తగులుతోంది వదినగారూ, పాపకి జలుబు చేస్తుంది. క్షణంలో పోసేసి వస్తాను, కూర్చుందురుగాని" అంటూ తారాదేవి చెక్క తలుపు కూడా మూసేసింది.

బయటినుంచి కరెంటు ఆపమని భానుమతి లిమ్‌ని పట్టుకుని ఊపేసింది. బయటి మీటరు గది తాళం, సీలు కరెంటు కంపెనీవాళ్ళవని, వాటిని తెరిచే హక్కు తనకి లేదని అతను చెప్పాడు. అప్పటికే వాళ్ళకి ఫోన్ చేశాడట. మనిషిని పంపుతున్నారట, దారిలో ఉన్నాడట. చెబుతూ చెబుతూ అతనూ ఆ మూసిన తలుపు వైపే చూస్తున్నాడు.

బాత్రూం కిటికీ అద్దాలు కారిడార్ వైపే ఉన్నాయి. కుళాయి తిప్పిన చప్పుడు స్పష్టంగా వినబడింది. బకెట్‌లో నీళ్ళు పడుతున్నాయి. తారాదేవి కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఉంటుంది. భానుమతి కూడా తన కూతురికి అలాగే పోసింది. ఎక్కడ ఏ చెయ్యి ఉంటుందో ఆవిడకి చూడకుండానే తెలుసు. చెంబుతో ముంచి పోసిన నీళ్ళ చప్పుడు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వినబడినంతసేపూ భానుమతికి ప్రాణం ఉన్నట్టే ఉంది. కిటికీ అద్దం మీద అరచేత్తో కొడుతూ, "కుళాయి ముట్టుకోకండి, కుళాయి ముట్టుకోకండి" అని అంటూనే ఉంది.

ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడూ ఆగింది. లోపలినుంచి ఏ అలికిడీ లేదు. భానుమతి కొట్టడం మానేసింది. దేవుణ్ణి పిలుద్దామన్నా ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. లిమ్ సంచీ కింద పెట్టి, గేటు ఊచల్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

అప్పుడు వినబడింది తారాదేవి గొంతు, నిదానంగా, రాగం తీస్తూ. ఆఖరి చెంబు నీళ్ళు పాపకి దిగతుడిచి పారబోస్తోంది.

"శ్రీరామరక్ష... నూరేళ్ళాయుష్షు..."

భానుమతి గోడకి చేరగిలబడి కిందికి జారిపోయింది. పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లిమ్‌కి ఆ మాటల అర్థం తెలియదు, అయినా అతనూ ఊపిరి వదిలాడు.

కరెంటు కంపెనీ మనిషి రాకముందే చెక్క తలుపు తెరుచుకుంది. తారాదేవి పాపని మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి గేటు దగ్గరికి తెచ్చింది. బుగ్గన చుక్క, ముంగురులకి ఇంకా తడి. పాప అప్పుడే నిద్రలోకి జారుకుంటోంది.

"చూడండి, ఎంత హాయిగా పోయించుకుందో! మీరేమో కరెంటు, కరెంటు అని నన్ను హడలగొట్టేశారు" అంది నవ్వుతూ. గేటు తాళం మాత్రం తియ్యలేదు. "ఏమైంది చెప్పండి? ఏమీ కాలేదుగా! సాయంత్రం మీరే దగ్గరుండి చూద్దురుగాని, మళ్ళీ పోస్తాను."

భానుమతి చెప్పాల్సినవన్నీ చెప్పేసింది. ఏమీ కాకపోవడమే ఇప్పుడు ఆ పెద్దావిడకి సాక్ష్యం. లేచి నిలబడి ఊచల సందులోంచి చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉన్న పాప అరికాలు రెండు వేళ్ళకి తగిలింది. ఆ ఇంటికి ఓనరు ఆవిడే. ఆ రెండు వేళ్ళకి మించి లోపలికి వెళ్ళడానికి ఆవిడకి దారి లేదు.