ఎడమ మడమ ముందు

వాష్‌బేసిన్‌లో వేడినీళ్ళు పట్టి, నూనె సీసా అందులో నిలబెట్టాను. గోరువెచ్చనయ్యాక అత్తయ్య ఎడమకాలు ఒళ్ళోకి తీసుకున్నాను. దేశం కాని దేశంలో మాకిదే ఆఖరి సాయంత్రం. కింద భోజనాల హాల్లో యాత్రకొచ్చిన వాళ్ళంతా చేరుతున్నారు. భోజనాలయ్యాక సాక్ష్యాలు. మరియమ్మ తల్లి గుహ దగ్గర ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి మైకులో చెప్పాలి. మా ఆయన నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, తలుపు దగ్గర నిలబడి, "తొందరగా కానివ్వు, మనం ఆలస్యంగా వెళ్తే బాగోదు" అని చెప్పి దిగి వెళ్ళిపోయాడు. మనమట.

సోమవారం నేను డ్యూటీలో చేరాలి. బస్సు డిపోలో కంట్రోలర్‌ని. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ డ్రైవర్ ఏ రూట్‌కి ఎక్కాలో నేను చెప్పాలి. అత్తయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు మా ఆయన నాచేత ఏడాది సెలవు పెట్టించాడు. అది అయిపోయింది. సోమవారం వెళ్ళకపోతే ఉద్యోగం పోయినట్టే. రాజీనామా ఇచ్చెయ్యమని యాత్ర పొడుగునా నా చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. విమానంలో సీటు బెల్టు పెట్టుకుంటూ, "డిపో నువ్వు లేకపోయినా నడుస్తుంది, ఇల్లు నడవదు" అన్నాడు, నన్నేదో పొగిడినట్టు. కిటికీలోంచి మబ్బులు చూస్తూ అదే ఆలోచించాను. నేను లేకపోయినా నడిచే చోట జీతమిచ్చి మేడమ్ అంటారు. నేను లేకపోతే నడవని చోట మాత్రం, పొద్దస్తమానం ఇంట్లో ఏం చేస్తావని అడుగుతారు.

అత్తయ్యకి వ్యాయామం చేయించడానికి మొదట్లో ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. వారం తిరక్కుండానే మా ఆయన అతన్ని మానిపించాడు. "చూశావుగా, కాలు పైకెత్తి దించడమేగా, ఇంతోటి దానికి బయటి మనిషెందుకు?" అన్నాడు. అప్పట్నుంచీ తెల్లవారకముందే నూనె రాయడం, మోకాలు వంచడం, గోడ పట్టించి నిలబెట్టడం నా పనే. అత్తయ్య నొప్పికి తాళలేక నన్ను రాక్షసి అనేది, నా కొడుక్కి చెప్తానుండు అనేది. చెప్పింది కూడా. ఆయన నోట్లో బ్రష్షుతో వచ్చి, అమ్మని ఏడిపించకు అని మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళాడు. ఆయన పాలుపంచుకున్నది అంతవరకే. "ఎడమ మడమ ముందు, అత్తయ్యా." ఏడాదిగా మా ఇంట్లో ఉదయ ప్రార్థన అదే.

ఈ మధ్యాహ్నం గుహ గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ ఆగిపోయింది. మెట్టు ఎత్తుగా ఉంది, లోపల సందు ఇరుకు. వెనకాల జనం తోసుకొస్తున్నారు. నేను వంగి ఆవిడ చెవిలో ఆ మాటే చెప్పి, చంకల కింద చేతులేసి లేపి, మెట్టు దాటించి వదిలేశాను. అత్తయ్య నడిచింది. గోడ లేకుండా, నేను లేకుండా, గుహ లోపలున్న నీటి ఊట దాకా నడిచి రాతిని ముద్దు పెట్టుకుంది. వెనకాల ఎవరో అద్భుతం అని కేక పెట్టారు. మా బృందంలోని టీచరమ్మ మోకాళ్ళూని ఏడ్చేసింది. గ్రూప్ ఫోటోకి మంచి చోటు వెతుకుతున్న మా ఆయన పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఖాళీ కుర్చీ దారికడ్డంగా ఉందని నన్ను పక్కకి లాగమన్నాడు.

మరియమ్మ తల్లి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆవిడా ఇల్లు ఊడ్చి, నీళ్ళు మోసి, కొడుక్కి వండిపెట్టిన మనిషే. ఆ కాలు వెనక ఎవరున్నారో ఆవిడకి తెలియకపోదు.

నూనె సీసా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని అత్తయ్యని కిందికి తీసుకెళ్ళాను. మా ఆయన వంతు వచ్చింది. తన మొక్కు ఫలించిందన్నాడు. అమ్మ కోసం ఏడాదిగా తను కార్చిన కన్నీళ్ళ గురించి చెప్పాడు. మాతో యాత్రకొచ్చిన ఫాదర్‌కి, ట్రావెల్స్ వాళ్ళకి, బస్సు డ్రైవర్‌కి కృతజ్ఞతలు చెప్పాడు. నేను అత్తయ్యకి పండు తొక్క తీస్తూ వింటున్నాను. అప్పుడు చివరి మాట అన్నాడు. "ఈ సంతోషంలో నా భార్య కూడా ఒక నిర్ణయం తీసుకుంది. ఉద్యోగం మానేసి ఇకమీదట జీవితం అమ్మ సేవకే అంకితం చేస్తుంది."

చప్పట్లు. టీచరమ్మ నా భుజం నొక్కి, ఎంత అదృష్టవంతురాలివమ్మా అంది. నా నిర్ణయం నాకు మైకులో తెలిసింది. ఫాదర్ నవ్వుతూ, నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా అన్నారు. చాకు పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని లేచాను.

"ఫాదర్, తల్లి చేసిన మేలు సగం సగం ఉండదు కదా?"

"ఉండదమ్మా."

"ఇది అద్భుతమని ఈయనే చెప్పారు. తల్లే నయం చేశాక అత్తయ్యకి ఇక నాతో పనేముంది? ఉందంటే తల్లిని నమ్మనట్టే. అందుకే సోమవారం డ్యూటీలో చేరుతున్నాను."

ఈసారి చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. మా ఆయన సగం లేచాడు. నవ్వు ముఖం మీద అలాగే అతుక్కుని ఉంది. "అలా ఎలా కుదురుతుంది ఫాదర్? అమ్మకి రోజూ నూనె రాయాలి. మోకాలు వంచాలి. పట్టుకుని నడిపించాలి. ఏడాదిగా ఒక్క పూట తప్పకుండా చేయిస్తేనే కదా..."

అక్కడితో ఆగిపోయాడు.

"చేయిస్తేనే?" అన్నారు ఫాదర్, మెల్లగా. "ఎవరు చేయించారు?"

మా ఆయన చొక్కా కాలర్ సవరించుకున్నాడు. "ఇంకెవరు, ఈవిడే" అన్నాడు, మైకుకి దూరంగా. ఏడాది తర్వాత నాకు దొరికిన సాక్ష్యం ఆ రెండు ముక్కలు. వెంటనే వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నీకింకా మనిషి కావాలా, వద్దా?"

అందరి కళ్ళూ అత్తయ్య మీదికి వెళ్ళాయి. నావి కూడా. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నా సోమవారం పోతుంది. ఆవిడ నా వైపు చూడలేదు. నోట్లో పండు ముక్క తాపీగా నమిలి మింగింది.

"కావాలిరా" అంది.

మా ఆయన గెలిచినట్టు నా వైపు చూశాడు.

"నువ్వున్నావుగా" అంది అత్తయ్య.

టీచరమ్మ ముందు నవ్వింది, తర్వాత హాలంతా. నేను బ్యాగు తెరిచి నూనె సీసా ఆయన పళ్ళెం పక్కన పెట్టాను.

"వేడినీళ్ళలో నిలబెట్టండి, గోరువెచ్చగా ఉండాలి. తిడతారు, పట్టించుకోకండి. రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టండి. ఎడమ మడమ ముందు."