పేరు కొట్టించిన గ్లాసు

వరహాలమ్మ ఆసుపత్రి వసారా తుడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చేసరికి పొజ్జా రోజూలాగే రెండు కాళ్లూ పైకెత్తాడు. మంచం మీద పడుకున్న మనిషి నేల తుడిచేవాళ్ల కోసం కాళ్లు ఎత్తనక్కర్లేదు. అయినా ఎత్తుతాడు. ఎండు కట్టెల్లాంటి ఆ కాళ్లు గాల్లో వణుకుతుంటే ఆమె తొందరపడాల్సి వస్తుంది.

"బిరబిర," అన్నాడు.

భద్రాచలం వైపు మిరపతోటల్లో కూలికి వెళ్లినప్పుడు మేస్త్రీల దగ్గర నేర్చిన తెలుగు అది. బిరబిర, ఏరు, నీళ్లు, ఎండ, పో. అతనికి వచ్చిన తెలుగంతా అంతే. ఆమెకు వచ్చిన అతని దోర్లీ భాష అంతకన్నా తక్కువ.

"నా మీదేటి నీ పెత్తనం, ముసిలోడా," అంది గుడ్డ పిండుతూ.

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆమె గుడ్డ వదిలేసి, చేతులు కడుక్కుని, అతని వీపు వెనక చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టింది. ఉమ్మడానికి బూడిద పోసిన మూకుడు మూతి దగ్గర పట్టింది. క్షయ మందులు పూర్తిగా మింగాడు గానీ, అప్పటికే ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువ. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసినన్నాళ్లూ ఇలాంటి వీపుల్ని ఆమె లేపి కూర్చోబెడుతూనే ఉంది. రిటైరైంది. భర్త సింహాద్రి పోయాడు. రెండు గదుల ఇంట్లో గోడ గడియారం చప్పుడు భరించలేక, ఎవరో ట్రస్టువాళ్లు బస్తర్‌లో ఆసుపత్రికి వాలంటీర్లు కావాలంటే పేరిచ్చింది. ఎర్రబోరు అనే ఊరు దాటి అడవి లోపలున్న ఈ పల్లెలో అందరూ ఆమెను సిస్టర్ అంటారు. ఆయానని చెప్పి చెప్పి మానేసింది.

ఇప్పపూల కాలం. తెల్లారకముందే ఊరంతా గంపలతో అడవిలోకి పోతుంది. ఎండెక్కేసరికి ఆ తీపి మగ్గు వాసన వసారాలోకి వచ్చి కూర్చుంటుంది. మొదట్లో ఆ వాసనకు ఆమెకు తల తిరిగేది. ఇప్పుడు అన్నం ముద్దలోనూ అదే వాసన.

కంచెకు అవతల చిన్న చేను, చేను అవతల పొజ్జా ఇల్లు. పెంకులు లెక్కపెట్టగలిగేంత దగ్గర. కోడలు దేవే వాకిట్లో పూలు ఆరబోయడం, కోళ్లను తోలడం అతను రోజంతా చూస్తాడు. ఉదయం దేవే జావ తెచ్చి కంచె పక్కన రాతి మీద పెట్టి, ఒకసారి మామవైపు చూసి వెళ్లిపోతుంది. లోపలికి రాదు. అతను అక్కడికి పోకూడదు.

దానికి కారణం వరహాలమ్మే.

ఉగాది నాడు ఆమె ఒక్కతే పచ్చడి చేసుకుంది. ఆసుపత్రి వెనక చెట్టుకు వేలాడుతున్న లేత మామిడికాయ కోసింది. వేపపువ్వు, బెల్లం, చింతపండు వేసి కాస్త జారుగా కలిపింది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఏ ఉగాదికీ ఆమె ముందు తిన్నది లేదు. సింహాద్రి తిని, మొహం చిట్లించి, "బాగుందే," అన్నాకే తినేది. పెళ్లప్పుడు అతని పేరు కొట్టించిన స్టీలు గ్లాసు ఒకటి వెంట తెచ్చుకుంది. అందులో పచ్చడి పోసి పొజ్జా చేతికిచ్చింది. మా పండుగ అని సైగ చేసింది. అతను గ్లాసులోకి చాలాసేపు చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తాగేశాడు.

మర్నాడు, ఆసుపత్రిలో పనిచేసే, తెలుగు వచ్చిన కోసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏంది చేసినవమ్మా? మామిడి పండుగ కాకుండ కొత్తకాయ నోట్ల పెట్టుకుంటరా? ముందు పెద్దలకు పెట్టాలె. చచ్చిపోయిన పెద్దలు తిన్నంకనే మనం."

"నాకేటి తెలుసే! మాకు ఏడాది మొదటిరోజే తినాల."

"మీకు గట్ల. మాకు గిట్ల." కోసి చేను అవతలి ఇల్లు చూపించింది. "పండుగ రోజు పూజారి కోడిని కోసి కడిగేదాక తాత ఇంట్లకు పోరాదు. పోతే ఇంటికి, చేనుకు చెడ్డ."

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కంచె దాటి రావడం మాత్రం మానేశారు. కోసి వస్తుంది, పని చేస్తుంది, ఆమె చేతి నీళ్లు తాగదు.

ఆ గ్లాసును ఇప్పుడు పొజ్జా తప్ప ఎవరూ ముట్టరు.

ఎండ వసారా మెట్టు ఎక్కుతుండగా జీపు వచ్చింది. మందులు తెచ్చే ఉమామహేశ్‌ది కోంటలో కిరాణా వ్యాపారుల కుటుంబం. తీరికున్నప్పుడు ట్రస్టుకు బండి నడుపుతాడు.

"నన్ను తీసుకుపో బాబూ," అంది వరహాలమ్మ. సంచి సర్ది చాలా రోజులైంది. "ఇక్కడ నాకు పనేటుంది? ఒక్కరూ రారు. మాట్లాడ్డానికి మనిషి లేడు. నాకు ఊపిరాడ్డం లేదు."

"రండి ఆంటీ, గాడీ ఖాళీయే. కోంటలో బస్సెక్కిస్తా." అతను మంచం వైపు చూశాడు. "మరి ఈ ముసలాయన? ఇంటికి పోనియ్యరు కదా. రాత్రిళ్లు ఎవరు లేపి కూర్చోబెడతారు?"

ఆమె సంచి మెట్టు మీద దించింది.

"పండుగెప్పుడట?" అన్నాడు ఉమామహేశ్.

కోసి మెట్టు మీద కూర్చునే చెప్పింది. "ఎనకకు పోయింది. అవతలి గూడెంల పూలు ఏరుడు కాలేదంట. వచ్చే సంత దాటినంక చూస్తరంట."

పొజ్జా ఇంటివైపే చూస్తున్నాడు. కోసి దోర్లీలో చెప్పింది విన్నాడు. చెయ్యెత్తి జీపు చూపించాడు.

"పో," అన్నాడు ఆమెతో. "బిరబిర పో."

"నోర్ముయ్," అంది వరహాలమ్మ. సంచి లోపల పెట్టేసింది. జీపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అతను జావ ముట్టలేదు. మంచం కోడు మీద చేత్తో తట్టి ఇల్లు చూపించాడు. ఆమెకు అర్థమైంది. తలగడ ఇటునుంచి అటు మార్చి, భుజాల కింద చేతులు వేసి అతన్ని తిప్పింది. మెడ వంచకుండా ఇప్పుడు వాకిలి కనిపిస్తుంది. గ్లాసుతో నీళ్లు పట్టింది. రెండు గుటకలు మింగాడు. మూడోది చెంప మీదుగా జారింది.

ఆమె మూకుడు కడిగి, కొత్త బూడిద పోసి తెచ్చేసరికి వసారాలో అతని ఊపిరి చప్పుడు తగ్గినట్టనిపించింది. దగ్గరికి వెళ్లకముందే తెలిసిపోయింది. అతని కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. ఎన్నో ఏళ్లు చేసిన పనే చేసింది. కళ్లు మూసింది. దవడ కట్టింది. కాలి బొటనవేళ్లు కలిపి కట్టింది. పొద్దున గాల్లోకి లేచిన కాళ్లు అవి.

కంచె దగ్గరికి వెళ్లి నిలబడింది. చనిపోవడానికి వాళ్ల భాషలో మాటేమిటో ఆమెకు తెలియదు. "దేవే," అని పిలిచింది, అంతే. దేవే తలెత్తి చూసింది. చేతిలో చేట కింద పెట్టేసింది.

ఊరు కంచె దాటి వచ్చింది. ఆడవాళ్లు మంచం చుట్టూ కూర్చుని ఏడుపు రాగం ఎత్తారు. వరహాలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"తీసుకుపోతారా ఇంటికి?" అని కోసిని మెల్లగా అడిగింది. "పండుగ కాలేదు కదే."

"ఇంకేం తప్పుంటదమ్మా? ఇప్పుడు తాత పెద్దలల్ల కలిసిండు. ముందు తినెటోళ్లల్ల చేరిండు." కోసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయనకేం తెల్వదనుకున్నవా? తెలిసే తాగిండు. నేను అడిగిన. పండుగ పూట ఆమె ఒక్కతి కూసుంది, చేతిల గ్లాసు పట్టుకొచ్చింది, ఎట్ల వద్దంటనే అన్నడు."

వరహాలమ్మ మంచం వైపు చూసింది.

మంచాన్ని అలాగే ఎత్తి చేను మీదుగా ఇంటికి తీసుకువెళ్లారు. వాకిట్లో కాసేపు దింపారు. అతని వస్తువులు దేవే ఒక్కొక్కటే పోగు చేసింది. తువ్వాలు, కత్తి, నీళ్లు మోసే ఆనపబుర్ర. కోసి ఆసుపత్రికి తిరిగొచ్చి వసారా గోడ వారనున్న గ్లాసు వైపు చూసింది.

"ఆ గ్లాసు గూడ ఇయ్యాలమ్మా. దాంట్ల తాగిండు గద. ఆయనదే."

వరహాలమ్మ గ్లాసు తీసింది. అడుగున ఇంకా నీళ్లున్నాయి. ఇచ్చేముందు పేరు మీద బొటనవేలితో ఒకసారి రాసింది.

"నేనే తెస్తాను," అంది.

ఎవరూ వద్దనలేదు. ఊరి చివర మట్టి కప్పాక, పోయినవాళ్ల వస్తువులకు చేసినట్టే, ఒక పెద్దమనిషి గ్లాసు అడుగున కత్తిమొనతో పొడిచి చిల్లు పెట్టాడు. తలవైపు రాయి పక్కన బోర్లించాడు.

పొద్దు వాలుతుంటే చిల్లు చుట్టూ స్టీలు మెరిసింది. గ్లాసు అంచున మట్టి అంటింది. దానిపైన, తలకిందులుగా, పి. సింహాద్రి అన్న చుక్కల అక్షరాలు.