చాడీల ఫ్రిజ్

బాబాయి పని ఇళ్లల్లో స్మార్ట్ లైట్లు, తాళాలు, కెమెరాలు బిగించడం. ఎంత మొండివాళ్లకైనా పది నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలనని అతనికి గట్టి నమ్మకం. అందుకే వదిన ఆఫీసుకు వెళ్తూ, "సాయంత్రం దాకా పిల్లల్ని చూడు. కొత్త ఫ్రిజ్ గురించి అడిగి అడిగి నా ప్రాణం తోడేస్తున్నారు, అదేదో నువ్వే చెప్పు" అనగానే ఛాతీ విరుచుకున్నాడు.

పెద్దదానికి ఆరేళ్లు, ప్రశ్నల పుట్ట. చిన్నదానికి నాలుగు. అక్క ఏదంటే అదే అంటుంది.

ఇద్దర్నీ వంటగట్టు మీద కూర్చోబెట్టి, బాబాయి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచాడు.

"ఈ మూల చిన్న బొత్తాంలాంటిది చూశారా? సెన్సర్ అంటారు. తలుపు తీస్తే దీనికి తెలిసిపోతుంది. వెంటనే అమ్మ ఫోన్‌కి చెప్తుంది."

"నోరు లేదుగా, ఎలా చెప్తుంది?"

"వైఫై ఉందిగా! గాల్లోంచి కబురు పంపిస్తుంది. మనకి కనిపించదు."

"అమ్మ అడక్కుండానే?"

"అడక్కుండానే!" అన్నాడు బాబాయి గొప్పగా.

పెద్దది మూతి ముడిచింది. "అంటే చాడీలు చెప్తుందన్నమాట."

"చాడీలు" అంది చిన్నది.

"చాడీలు కాదే, సమాచారం!" అన్నాడు బాబాయి. ఫ్రిజ్‌లో ఎదురుగా కనిపించిన కేకు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. వదిన.

"ఏమయ్యా, తలుపు ఎంతసేపు తీసి పెడతారు? ఫ్రిజ్ మొత్తుకుంటోంది!"

నోటినిండా కేకుతో "ఊఁ... ఊఁ..." అన్నాడు. పెద్దది ఫోన్ లాక్కుంది.

"అమ్మా, బాబాయ్ నీ కేకు తినేశాడు. ఇది ఫ్రిజ్ చెప్పలేదు, నేనే చెప్తున్నా."

అవతల వదిన పడీ పడీ నవ్వింది.

"బాబాయ్, మనం చెప్పొద్దంటే ఫ్రిజ్ వింటుందా?" అంది పెద్దది.

ఇన్నేళ్లలో ఆ మాట బాబాయిని ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. వదినని స్పీకర్‌లో ఉంచి, అదే ఫోన్‌లో ఫ్రిజ్ యాప్ తెరిచి వెతికితే, రోజుకు ఎన్నిసార్లు తలుపు తీశారో కూడా ఫ్రిజ్ తన కంపెనీకి పంపిస్తోందని తేలింది.

"వాళ్లకెందుకట?" అంది వదిన. "అది ఆపెయ్. తలుపు తీసి ఉంటే నాకు చెప్పడం మాత్రం ఉండనీ, లేకపోతే పాలు విరిగిపోతాయి."

బాబాయి పెద్దదాని చేతే యాప్‌లో మీట నొక్కించి అది ఆపించాడు.

సాయంత్రం వదిన వచ్చేసరికి ముగ్గురూ వాషింగ్ మెషీన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అది ఎవరెవరికి ఏమేం చెప్తుందో బాబాయి దాని పుస్తకంలో చదివి వినిపిస్తున్నాడు.

"ష్! నువ్వూ కూర్చో" అంది పెద్దది.

వదిన చేతిసంచీ పక్కన పెట్టి కూర్చుంది.